మారుమూల ఆదివాసీ ఊళ్లలో హెచ్‌ఐవీ గురించి ఎలా చెప్పాలి?

హెచ్‌ఐవీ, సుఖవ్యాధుల గురించి ఆదివాసీ ఊళ్లలో అవగాహన కల్పించే పనిలో ఉన్నాను, ఇలాంటిది చేసినవాళ్లెవరైనా ఉంటే కాస్త సలహా ఇవ్వండి. అందరి ముందు కండోమ్ బయటికి తీస్తే అమ్మాయిలు తల దించుకుంటారు, కుర్రాళ్లు ఒకరినొకరు మోచేత్తో పొడుచుకుని నవ్వుతారు, ఇక మీటింగ్ అయిపోయినట్టే. ఆడవాళ్లకి, మగవాళ్లకి విడిగా పెట్టాలి, సరే. కానీ ముందు ఊరి పెద్దల్ని ఒప్పించాలా, లేక అక్కడి యువతకే ట్రైనింగ్ ఇచ్చి వాళ్ల భాషలో వాళ్లతోనే చెప్పించాలా? నాకైతే రెండోదే మేలనిపిస్తోంది.

అసలు టెన్షన్ పరీక్షల దగ్గరే. వేలి నుంచి రక్తపు చుక్క తీస్తే అరగంటలోపే ఫలితం వస్తుంది, కానీ చిన్న ఊళ్లో ఎవరు ఏ గదిలోకి వెళ్లారో సాయంత్రానికి అందరికీ తెలిసిపోతుంది, పైగా పరీక్ష చేసే మనిషి చాలాసార్లు చుట్టమే! గోప్యత ఎలా కాపాడుతున్నారు?

ఇంకోటి, పెప్ మందులు, అంటే హెచ్‌ఐవీ సోకకుండా ఆపడానికి వాడేవి. వైరస్ సోకే ప్రమాదం ఎదురైన 72 గంటల్లోపు మొదలుపెట్టి 28 రోజులు వాడాలి, క్లినిక్‌కి చేరడానికే రోజు పట్టే చోట వాటిని ఎక్కడ ఉంచుతారు? హెచ్‌ఐవీ ఉన్నవాళ్లు తమ మందులు సక్రమంగా వాడి, రక్తంలో వైరస్ పరీక్షకు దొరకని స్థాయికి తగ్గితే సెక్స్ ద్వారా ఎదుటివారికి సోకదన్న విషయాన్ని చదువు రానివాళ్లకి బొమ్మలతో చెప్పినవాళ్లు ఉంటే అదీ రాయండి. భయపెట్టే పోస్టర్లు మాత్రం వద్దు, అవి చూస్తే జనం పరీక్షకే రారు.