సారాభాయ్ ఇల్లా, షోధన్ ఇల్లా? ఎండకి ఏది మేలు?

పడమటిగది: ఆర్కిటెక్ట్ లె కార్బూజియే అహ్మదాబాద్‌లో కట్టిన రెండు ఇళ్లని పోల్చి చూస్తున్నాను. సారాభాయ్ ఇంటికి ఇటుక గోడల మీద కమాను కప్పు, దానిపైన మట్టి, గడ్డి. షోధన్ ఇంటికి పైన విడిగా నిలబెట్టిన కాంక్రీటు గొడుగు. ఎండకి ఏది మేలు? గాలి ఎందులో బాగా ఆడుతుంది?

గోదారిగట్టు: ఎండ సరేనండీ, ముందు వాన సంగతి చూడండి. ఆయనే పారిస్ దగ్గర పువాస్సీలో కట్టిన విల్లా సవోయ్ (1931) కురుస్తోందని ఆ ఇంటావిడ ఉత్తరం మీద ఉత్తరం రాసింది. హాల్లో నీళ్లు, ర్యాంపు మీద నీళ్లు. మా డాబాదీ అదే గతి. ఎలివేషన్ కోసమని వాలు తగ్గించారు, ఏటా పై గదిలో బకెట్లు పెడుతున్నాం.

శ్లాబ్‌మనిషి: చదును కప్పుని తిట్టకండి. నా చేతుల మీదుగా ఎన్నో శ్లాబులు పడ్డాయి, వాలు సరిగ్గా ఇస్తే చుక్క దిగదు. అసలు లోపం చూడాలంటే పెన్సిల్వేనియాలో వాగు మీద కట్టిన ఫాలింగ్‌వాటర్ ఇల్లు చూడండి. సెంట్రింగ్ తీయగానే బాల్కనీ కిందికి వంగింది. ఆర్కిటెక్ట్ ఫ్రాంక్ లాయిడ్ రైట్ వేసిన స్టీలు చాలలేదు.

నల్లరాయి: యజమాని కాఫ్‌మన్ తరఫు ఇంజినీర్లు రైట్‌కి చెప్పకుండా అదనంగా స్టీలు వేయించారు. అది కూడా చెప్పండి.

శ్లాబ్‌మనిషి: ఆ స్టీలే లేకపోతే బాల్కనీ ఎప్పుడో వాగులో ఉండేది! అది ఉన్నా వంగుతూనే పోయింది. 2002లో కేబుళ్లు వేసి బిగించాల్సి వచ్చింది. లెక్క తెలియకుండా మాట్లాడొద్దు.

నల్లరాయి: లెక్కలు మీ ఒక్కరికే వచ్చా? జలపాతం మీదే ఇల్లు ఉండాలన్నది రైట్ ఆలోచన. చివర ఆధారం లేకుండా ముందుకు చాచే కాంటిలివర్ లేకపోతే అది ఎలా సాధ్యం?

ఎండపొడ: ఇద్దరూ కాస్త ఆగండి. ఆర్కిటెక్ట్ మీస్ వాన్ డెర్ రోహె కట్టిన అద్దాల ఫార్న్స్‌వర్త్ ఇల్లు (1951) ఫొటోలు చూసి బెజవాడలో మా పెద్దమ్మ వాళ్లు పడమటి గోడంతా అద్దం పెట్టించారు. సాయంత్రం ఆ హాల్లో ఎవరూ కూర్చోలేరు. ఇల్లినాయ్‌లోనే ఆ ఇల్లు వేసవిలో ఉడికిపోయేది, బెజవాడ సంగతి వేరే చెప్పాలా?

పడమటిగది: నేనడిగింది అహ్మదాబాద్ గురించి!

ఇటుకబట్టీ: నా ఓటు సారాభాయ్‌కే. కమానుల వరసలు గాలి వచ్చే దిక్కుకి తెరిచి ఉంటాయి, పైనున్న మట్టి వేడిని త్వరగా దిగనివ్వదు. షోధన్‌లో పని అంతా నీడదే: లోతైన కాంక్రీటు అరలు, పైన గొడుగు, మధ్యలో గాలి తిరిగే డాబాలు. స్థలం విశాలంగా ఉంటే మొదటిది, తక్కువ చోటులో పైకి లేపాలంటే రెండోది.

గోదారిగట్టు: ఆ మట్టి కింద వాటర్‌ప్రూఫింగ్ పోతే? గడ్డంతా తవ్వాలి కదా.

శ్లాబ్‌మనిషి: ముందు నీళ్లు కట్టి పరీక్ష చేశాకే మట్టి వేయాలి. మీ డాబాకి ఆ పరీక్ష చేశారా?

గోదారిగట్టు: చేశారు, అప్పుడు నిలిచింది. తర్వాతి వానలకే పిట్టగోడ వెంట చెమ్మ మొదలైంది.

శ్లాబ్‌మనిషి: అయితే పిట్టగోడ, శ్లాబు కలిసేచోట అనుమానించాలి. ఆ మూల ఫొటో పెట్టండి.