క్యాటలాగ్ రేటులో నాలుగో వంతు కూడా లేని ఎస్టిమేట్‌తో పెన్నీ బ్లాక్, ఎంత దాకా వెళ్లొచ్చు?

కొత్తకలెక్టర్:
అందరికీ నమస్తే. ఇన్నాళ్లూ చిన్నా చితకా స్టాంపులే కొన్నాను, మొదటిసారి ఆక్షన్‌లో ఒక క్లాసిక్ తీసుకుందామని చూస్తున్నా. ఒక ఆన్‌లైన్ సేల్‌లో 1840 నాటి బ్రిటన్ స్టాంపు, పెన్నీ బ్లాక్ కనపడింది. లాట్ వివరాల్లో ఉన్నదిది: ప్లేట్ 5 (అచ్చు వేసిన పలక నంబర్), అక్షరాలు ఎమ్-సీ, మూడు పక్కల మంచి మార్జిన్, కుడి పక్క ఫ్రేమ్‌కి తగులుతోంది, ఎర్ర మాల్టీస్ క్రాస్ ముద్ర (వాడేసినట్టు పోస్టాఫీసు కొట్టేది), వెనకాల చిన్న థిన్. సర్టిఫికెట్ లేదు. ఫోటోలో మాత్రం భలే ఉంది, నలుపు కూడా చిక్కగా ఉంది. క్యాటలాగ్ తీసి చూస్తే ఆక్షన్ వాళ్లు వేసిన ఎస్టిమేట్ అందులో నాలుగో వంతు కూడా లేదు, అదే నాకు అర్థం కాలేదు, ఇంత తక్కువకి ఎందుకు పెడతారు, ఇందులో ఏదైనా మతలబు ఉందా లేక నిజంగానే చవకగా దొరుకుతోందా? మ్యాక్సిమమ్ బిడ్ ఎలా డిసైడ్ చేసుకోవాలో కూడా చెప్పండి. ఇంకోటి, పాత స్టాంపులు కొని పెట్టుకుంటే రేటు పెరగడమే తప్ప తగ్గదంటారు, నిజమేనా?

మాల్టీస్‌క్రాస్:
మతలబు ఏం లేదండీ, అంతా డిస్క్రిప్షన్‌లోనే చెప్పేశారు, మీరు చదివి వదిలేశారు అంతే 🙂

క్యాటలాగ్‌లో వేసే రేటు మంచి కండిషన్‌లో ఉన్న స్టాంపుకి. పెన్నీ బ్లాక్ విషయంలో మంచి కండిషన్ అంటే ముందు చూసేది నాలుగు పక్కలా మార్జిన్ ఉందా లేదా అని. ఆ రోజుల్లో పెర్ఫరేషన్, అంటే చింపడానికి వీలుగా స్టాంపుల మధ్య వేసే చిల్లులు, లేదు, షీట్‌కి 240 స్టాంపులు, వాటిని కత్తెరతో కత్తిరించి ఇచ్చేవాళ్లు, స్టాంపుకీ స్టాంపుకీ మధ్య సందు చాలా సన్నం, పోస్టాఫీసులో జనం నిలబడి ఉంటే కత్తిరించేవాడికి మార్జిన్ గొడవ ఎందుకు? అందుకే నాలుగు పక్కలా డిజైన్ తెగకుండా మిగిలినవి తక్కువ. మీ లాట్‌లో ఒక పక్క తెగింది, పైగా థిన్ ఉంది, అంటే ఆల్బమ్ లోంచి పీకినప్పుడో ఏమో వెనక కాగితం పొర కొంచెం లేచిపోయింది. ఈ రెండూ కలిస్తే నాలుగో వంతుకి పడటం మామూలే, ఇంకా తక్కువకి పోయినా ఆశ్చర్యం లేదు.

అసలు చాలామంది పెన్నీ బ్లాక్ అంటే అరుదైనది అనుకుంటారు. ప్రపంచంలో మొదటి స్టాంపు కాబట్టి ఫేమస్, అంతేగానీ అరుదేం కాదు, 6.8 కోట్ల దాకా ప్రింట్ చేశారు, ఏ ఆక్షన్‌లో చూసినా రెండు మూడు ఉంటాయి. అన్ని ఉన్నప్పుడు కొనేవాడు ఏరుకుంటాడు కదా, అందుకే కండిషన్ కొంచెం తగ్గితే రేటు దబ్బున పడిపోతుంది. అదే ప్లేట్ 11 అయితే కథ వేరు, ఆ ప్లేట్ అసలు తర్వాత వచ్చిన ఎర్ర పెన్నీ కోసం చేసింది, నల్ల రంగులో కొద్దిగానే వేశారు, దానికి మార్జిన్ లేకపోయినా ఎగబడతారు. మీది ప్లేట్ 5 అన్నారు, అది మామూలుగా దొరికేదే.

అక్షరాల సంగతి తెలుసు కదా, కింద ఎడమ పక్కది వరస, కుడి పక్కది ఆ వరసలో స్థానం. ఎమ్-సీ అంటే పదమూడో వరసలో మూడోది. దాంతో షీట్‌లో ఏ చోటిదో తెలుస్తుంది గానీ ప్లేట్ నంబర్ స్టాంపు మీద ఎక్కడా ఉండదు, అక్షరాలు ఎటు ఒరిగాయి, ఫ్రేమ్ గీత ఎక్కడ బలహీనంగా ఉంది అని చూసి తేల్చాలి. కాబట్టి ఆక్షన్ వాళ్లు ప్లేట్ 5 అన్నారని కళ్లు మూసుకుని నమ్మకండి.

పాతకవర్లు:
పైన చెప్పింది కరెక్టే, దానికి తోడు ఒకటి చెప్తా. థిన్ ఉంది, మార్జిన్ తెగింది అని రాసిన లాట్‌ని చూసి భయపడక్కర్లేదు, ఏ లోపమూ రాయకుండా మెరిసిపోయే లాట్‌ని చూసి భయపడాలి.

మీ స్టాంపు మీద ఎర్ర మాల్టీస్ క్రాస్ ఉంది కదా, ఆ ఎర్ర సిరా తేలిగ్గా కడిగేయొచ్చు. అప్పట్లోనే జనం కడిగి మళ్లీ వాడతారన్న భయంతో 1841లో ముద్రని నలుపుకి మార్చి, స్టాంపుని ఎర్రగా మార్చారు. ఇప్పటి మోసగాళ్లకీ అదే పనికొస్తోంది, వాడిన దానికంటే వాడని పెన్నీ బ్లాక్ చాలా రెట్లు ఎక్కువ పలుకుతుంది కాబట్టి ముద్ర కడిగేసి, వెనక కొత్త గమ్ పూసి అన్‌యూజ్డ్ అని అమ్ముతారు. యూవీ లైట్ కింద పెడితే చాలాసార్లు కడిగిన మరక బయటపడుతుంది. పెన్నుతో గీసి క్యాన్సిల్ చేసినవాటికీ ఇదే వైద్యం చేస్తారు.

ఇంకో పాత ట్రిక్కు, పెర్ఫరేషన్ ఉన్న చవక స్టాంపుకి అంచు పళ్లు కత్తిరించేసి ఇంపెర్ఫ్, అంటే పెర్ఫరేషన్ లేనిది, అని అమ్మడం. అమెరికాలో 1857 నుంచి పెర్ఫరేషన్ వచ్చింది, అంతకుముందు 1851 సిరీస్‌కి లేదు, రెండిట్లో డిజైన్లు చాలావరకు అవే, ఇక చూస్కోండి. అందుకే పెర్ఫ్, ఇంపెర్ఫ్ రెండు రకాలూ ఉన్న చోట సింగిల్ వద్దు, జంట తీసుకోమంటారు, మధ్యలో పళ్లు లేవని కళ్లకి కనిపిస్తుంది.

సర్టిఫికెట్ మాత్రం ఖరీదైన దానికి తప్పనిసరి. లండన్ రాయల్ ఫిలాటెలిక్ సొసైటీ, న్యూయార్క్ ఫిలాటెలిక్ ఫౌండేషన్ లాంటి వాళ్లది అయితే నమ్మొచ్చు. సర్టిఫికెట్ ఉంది కదా అని సంబరపడకుండా అందులో ఫోటోనీ స్టాంపునీ పక్కపక్కన పెట్టి ముద్ర పడిన చోటు, అంచులు కలుస్తున్నాయా చూడండి, తేదీ కూడా చూడండి, ముప్పై ఏళ్ల కిందటి సర్టిఫికెట్ అయితే ఆ తర్వాత స్టాంపుకి ఏమైందో దానికేం తెలుసు. లేకపోతే సేల్‌కి ముందే ఎక్స్‌టెన్షన్ అడగండి, అంటే గెలిచాక స్టాంపుని ఎక్స్‌పర్ట్ కమిటీకి పంపి, నకిలీ అని తేలితే డబ్బు వెనక్కి వచ్చేలా. సేల్ అయ్యాక అడిగితే చాలాచోట్ల కుదరదంటారు.

ఫోటో భలే ఉంది అన్నారు కాబట్టి చెప్తున్నా, జీన్ డి స్పెరాటి అని ఒకాయన ఉండేవాడు, నిజమైన పాత చవక స్టాంపు తీసుకుని దాని బొమ్మని రసాయనాలతో పోగొట్టి, అదే కాగితం మీద ఖరీదైన స్టాంపు ముద్రించేవాడు. కాగితం అసలుది, వాటర్‌మార్క్ (కాగితంలోనే ఉండే గుర్తు) అసలుది, ఒక్కోసారి ముద్ర కూడా అసలుదే. నిపుణులే బోల్తా పడ్డారు.

కొత్తకలెక్టర్:
బాబోయ్, కళ్లు తిరుగుతున్నాయి. థిన్ ఎంత ఉందో ఫోటోలో తెలీట్లేదు, ముందు వైపు ఒక్కటే పెట్టారు. బిడ్ సంగతి ఎవరైనా చెప్పండి ప్లీజ్.

మూడోసారి:
బ్రో, బిడ్ లెక్క వెనక నుంచి వేయాలి. మొత్తం నీ జేబులోంచి ఎంత పోవచ్చో ముందు రాసుకో, అందులోంచి షిప్పింగ్, కస్టమ్స్, బయ్యర్స్ ప్రీమియం (గెలిచిన బిడ్ మీద ఆక్షన్ హౌస్ అదనంగా వేసే శాతం) తీసెయ్, మిగిలిందే నీ బిడ్. ప్రీమియాన్ని తేలిగ్గా తీసుకోకు. 2023లో ఇన్వర్టెడ్ జెన్నీల్లో ఒకటి, అదే 1918 నాటి 24 సెంట్ల స్టాంపు, విమానం తలకిందులుగా పడింది చూడు, 17 లక్షల డాలర్లకి హ్యామర్ పడితే, అంటే బిడ్డింగ్ అక్కడ ఆగితే, కొన్నాయన కట్టింది 20 లక్షల 6 వేలు. 18 శాతం అక్కడే పోయింది. మన చిన్న లాట్‌కైనా శాతం శాతమే, కొన్నిచోట్ల 20, 25 కూడా ఉంటుంది, రూల్స్ పేజీ చదువు.

బేరం అంచనాకి క్యాటలాగ్ మూసేసి, ఆక్షన్ హౌస్‌ల పాత సేల్స్ రిజల్ట్స్ తెరువు. ఇలాంటిదే, ఒక పక్క తెగినది, చిన్న లోపం ఉన్నది, ఎర్ర ముద్రది, ఎంతకి పోయిందో ఒక ఐదారు చూస్తే రేటు నీకే తెలిసిపోతుంది. అక్కడ రాసింది హ్యామరా, ప్రీమియంతో కలిపా అని చూసుకో, కొందరు అట్లా కొందరు ఇట్లా వేస్తారు.

లైవ్‌లో కూర్చోలేకపోతే ముందే మ్యాక్సిమమ్ ఇచ్చెయ్. నీ తర్వాత ఎక్కువ పెట్టినోడి కంటే ఒక్క మెట్టు పైన నీకు పడుతుంది, పూర్తి మ్యాక్సిమమ్ పడాలని లేదు. నాకైతే ఇదే నచ్చుతుంది, లైవ్‌లో పంతానికి పోయి అసలుకే ఎసరు తెచ్చుకునేవాళ్లే ఎక్కువ.

ఇక పెరగడమే తప్ప తగ్గదు అన్న మాట. బ్రిటిష్ గయానా 1 సెంట్ మెజెంటా, 1856ది, ప్రపంచంలో ఒక్కటే ఉంది. 2014లో 94.8 లక్షల డాలర్లు, 2021లో 83 లక్షలు. ఒక్కటే ఉన్న స్టాంపే ఏడేళ్లలో పది లక్షలకి పైగా దిగితే నీ మూడు మార్జిన్ల పెన్నీ బ్లాక్ సంగతి నువ్వే ఆలోచించుకో. అన్నట్టు ఆ మెజెంటాకి నాలుగు మూలలూ కత్తిరించేసి ఉంటాయి, చూడ్డానికి ఏం బాగోదు. ఒక్కటే ఉంటే కండిషన్ ఎవడూ అడగడు.

వరసస్థానం:
నేను కొంచెం ఎదురు చెప్తా. అందరూ లోపాలు లోపాలు అని భయపెడుతున్నారు గానీ చేత్తో పట్టుకుని భూతద్దం కింద పెట్టి ప్లేట్ తేల్చుకోవడానికి ఇలాంటి స్టాంపే కావాలి. అమ్మే ఉద్దేశం లేకపోతే తీసేసుకోండి. ప్లేటింగ్, అంటే ఏ ప్లేట్‌దో తేల్చే పని, మొదలుపెట్టాక మార్జిన్ సంగతి మర్చిపోతారు.

మాల్టీస్‌క్రాస్:
@వరసస్థానం అది ఒప్పుకుంటా, కానీ ఆయన రేటు పెరుగుతుందా అని కూడా అడిగారు కదా, అందుకు మాత్రం ఇది పనికిరాదు. ఉంచుకోవడానికైతే సరే.

@కొత్తకలెక్టర్ వెనక వైపు స్కాన్ అడగండి, అడిగితే పంపుతారు. థిన్ ఎంత ఉందో కూడా అడగండి, వీలైతే వాటర్‌మార్క్ ఫ్లూయిడ్‌లో పెట్టి ఫోటో తీయమనండి, నల్ల ట్రేలో నాలుగు చుక్కలు వేస్తే పొర లేచిన చోట ముదురు మచ్చలా కనిపిస్తుంది, చిన్న కిరీటం వాటర్‌మార్క్ కూడా అందులోనే తేలుతుంది. మచ్చ ఒక మూల చిన్నగా ఉంటే మీ లెక్క ప్రకారం వెళ్లండి, మధ్యలో పెద్దగా ఉంటే వదిలేయండి, ఇంకో సేల్‌లో ఇలాంటిదే మళ్లీ వస్తుంది.

కొత్తకలెక్టర్:
థ్యాంక్స్ అండీ అందరికీ. స్కాన్ కోసం ఇప్పుడే మెయిల్ పెట్టా, ప్లేట్ 5 అని దేన్ని బట్టి చెప్తున్నారో కూడా అడిగా. రాగానే ఇక్కడ పెడతా.