నాన్నగారు అమెరికా వస్తున్నారు, అలబామా తాతగారి కేసు గుర్తొచ్చి టెన్షన్‌గా ఉంది

శిరీష_షార్లెట్:

అందరికీ నమస్కారం. మా నాన్నగారు వచ్చే నెల తెనాలి నుంచి మా ఇంటికి వస్తున్నారు. ఆర్టీసీలో కండక్టర్‌గా చేసి రిటైరయ్యారు. ఇంగ్లీషంటే ‘ఎస్’, ‘నో’, ‘హోల్డాన్’, ‘రైట్ రైట్’. అంతకు మించి రాదు.

నా భయమంతా ఆయన మార్నింగ్ వాక్ గురించే. చీకటి ఉండగానే లేచి, మంకీ క్యాప్ పెట్టుకుని, శాలువా కప్పుకుని, చేతులు వెనక్కి కట్టుకుని బయల్దేరతారు. బాగున్న ఇల్లు కనబడితే ఆగిపోయి ఎలివేషన్ చూస్తారు, దీనికి ఎంతయి ఉంటుందని లెక్కలేస్తారు. ఎవరి గోడ మీంచి మందారం వంగినా పూజకి కోసుకొచ్చేస్తారు. తెనాలిలో ఎవరూ ఏమీ అనరు, పైగా ‘బాగున్నారా మాస్టారూ’ అని పలకరిస్తారు. మా కమ్యూనిటీలో ఆ టైంకి బయట కనబడే మనుషులు ఇద్దరో ముగ్గురో. వాళ్ల చేతిలో కుక్క ఉంటుంది.

2015లో అలబామాలో మనవణ్ణి చూసుకోవడానికి వచ్చిన గుజరాతీ తాతగారిని పోలీసు నేలకేసి కొట్టిన వీడియో మీకు గుర్తుండే ఉంటుంది. మా అన్నయ్యకి ఫోన్‌లో అదే చెప్పాను. ‘ఆ కేసుతో అమెరికా పరువు ప్రపంచమంతా పోయింది, సాక్షాత్తూ గవర్నరే సారీ చెప్పాడు, ఆ తర్వాత వాళ్లు ఫారినర్స్ విషయంలో ఒళ్లు దగ్గర పెట్టుకునే ఉంటారు’ అంటాడు. నిజమేనా? అక్కడుండేవాళ్లు ఎవరైనా చెప్పండి. నాన్నగారికి ఏం చెప్పి బయటికి పంపాలో కూడా చెప్పండి. ఇంట్లోనే ఉండమంటే ఆయన ఉండరు.

రావు_హంట్స్‌విల్:

శిరీషా, ఆ సంఘటన జరిగిన మాడిసన్ మా పక్క ఊరే. ఆ రోజుల్లో మా గుడిలో, ఆఫీసు క్యాంటీన్‌లో ఇంకో మాట లేదు. కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తాను, ఏమనుకోకు.

2015 ఫిబ్రవరి 6, ఉదయం తొమ్మిది దాటలేదు. పెద్దాయనకి 57 ఏళ్లు, ఇండియా నుంచి వచ్చి ఎంతో కాలం కాలేదు. కొడుకు ఇంటి ముందు వీధిలోనే నడుస్తున్నాడు. ఆ వీధిలో ఉండే ఒకాయన పోలీసులకి ఫోన్ చేశాడు: సన్నగా ఉన్న నల్లవాడు ఎవడో ఇళ్ల వైపు, గ్యారేజీల వైపు చూస్తూ తిరుగుతున్నాడు, ఎప్పుడూ చూడలేదు, భార్యని ఇంట్లో వదిలి వెళ్లాలంటే భయంగా ఉంది అని. ఇది గుర్తుపెట్టుకో, మళ్లీ ఇక్కడికే వస్తాను.

ఇద్దరు పోలీసులొచ్చారు. ఒకడు ట్రైనింగ్‌లో ఉన్న కుర్రాడు, రెండోవాడు అతనికి నేర్పించే ఎరిక్ పార్కర్. పెద్దాయన ‘ఇండియా’, ‘నో ఇంగ్లిష్’ అన్నాడు, ఇంటి వైపు చెయ్యి చూపించాడు. పార్కర్ ఆయన చేతులు వెనక్కి పట్టుకుని కాళ్లు తన్ని ముఖం నేలకి తగిలేలా పడేశాడు. మెడలో వెన్నుపూస దెబ్బతిని ఒళ్లు పాక్షికంగా చచ్చుబడింది, ఆపరేషన్ చేయాల్సి వచ్చింది. ఇదంతా పోలీసు కారు కెమెరాలోనే రికార్డయింది. అది లేకపోతే ఈ కేసు మాడిసన్ దాటేది కాదు.

ఇక మీ అన్నయ్య చెప్పిన పరువు సంగతి. గవర్నర్ బెంట్లీ రెండు వారాలు తిరక్కుండానే క్షమాపణ ఉత్తరం రాశాడు, నిజమే. ఎవరికి రాశాడు? అట్లాంటాలో మన కాన్సుల్ జనరల్‌కి. ఇంత తొందరగా ఎందుకు కదిలాడో నా లెక్క నాకుంది. 2011లో ఇదే గవర్నర్ హయాంలో అలబామా పత్రాల్లేని విదేశీయుల మీద చాలా కఠినమైన చట్టం తెచ్చింది. ఆ నవంబర్‌లోనే టస్కలూసాలో పోలీసులు ఒక జర్మన్‌ని అరెస్టు చేశారు, దగ్గర డ్రైవింగ్ లైసెన్సు లేదని. తీరా చూస్తే ఆయన మెర్సిడెస్ కంపెనీ మేనేజర్! ఆ కంపెనీ ఫ్యాక్టరీ ఆ ఊరి దగ్గరే ఉంది. మిగతా రాష్ట్రాలు నవ్వుకున్నాయి. మిస్సోరీలో ఒక పత్రికైతే ‘మా దగ్గరికి వచ్చేయండి’ అని మెర్సిడెస్‌ని సంపాదకీయంలోనే పిలిచింది. విదేశీయుడి మీద చెయ్యి పడితే ఏమవుతుందో రాష్ట్ర రాజధాని మాంట్‌గోమరీలో కూర్చున్నవాళ్లకి అప్పుడే తెలిసొచ్చింది. ఆ ఉత్తరం వెనక మంచితనం లేదనను, లెక్క మాత్రం తప్పకుండా ఉంది.

ఆ ఉత్తరం కోర్టు గుమ్మం ఎక్కదు కదా. పార్కర్ మీద ఫెడరల్ కేసు పెట్టారు. 2015లోనే రెండుసార్లు విచారణ జరిగింది, రెండుసార్లూ జ్యూరీ ఒక మాట మీదకి రాలేదు. డిఫెన్స్ వాదన ఏమిటంటే పెద్దాయన చెయ్యి లాక్కున్నాడు, ఎదురు తిరిగాడు అని. పోలీసు చీఫ్ తన ఆఫీసర్‌దే తప్పన్నాడు, డిపార్ట్‌మెంట్‌లో కొందరు మాత్రం సాక్ష్యానికొచ్చి అది మా ట్రైనింగ్ ప్రకారమే అన్నారు. 2016 జనవరిలో జడ్జి హైకాలా అతన్ని నిర్దోషిగా వదిలేసింది. రాష్ట్రం పెట్టిన చిన్న కేసూ పోయింది, అతను మళ్లీ ఉద్యోగంలో చేరాడు. కుటుంబం వేసిన సివిల్ దావా 2021లో పదిహేడున్నర లక్షల డాలర్లకి సెటిలైంది. ఆరేళ్లు పట్టింది.

కాబట్టి మీ అన్నయ్యకి చెప్పు: విదేశాంగ మర్యాదలు వారాల్లో పూర్తయ్యాయి, న్యాయం మాత్రం ఏళ్ల తరబడి సాగి చివరికి చెక్కు దగ్గర ఆగింది. వీధిలో పోలీసు చెయ్యి ఎత్తేటప్పుడు వాడికి కాన్సులేట్ గుర్తురాదు.

టోలిచౌకి_నవాబ్:

అందరూ అమెరికాని తిడుతున్నారు, తిట్టండి. మన సంగతి కూడా ఒకసారి చూసుకోవాలి కదా. మా ఏరియాలో చదువుకునే ఆఫ్రికా పిల్లలు చాలామంది ఉంటారు. వాళ్లకి ఇల్లు అద్దెకివ్వాలంటే ఓనర్లు పెట్టే షరతులు వింటే మీకే సిగ్గేస్తుంది. 2021 ఆగస్టులో బెంగళూరులో కాంగో కుర్రాడు ఒకడు పోలీసు కస్టడీలో చనిపోయాడు. ఎలా చనిపోయాడో చెప్పండి అని స్టేషన్ ముందుకొచ్చిన అతని తోటివాళ్లని లాఠీలతో చెదరగొట్టారు. ఆ వీడియోలు కూడా ఆఫ్రికాలో అమ్మానాన్నలు చూసే ఉంటారు. కాంగో రాజధాని కిన్షాసాలో కూడా ఎవరో ఒక శిరీష ‘ఇండియా పంపాలంటే భయమేస్తోంది’ అని రాసే ఉంటుంది.

శిరీష_షార్లెట్:

నవాబ్ గారూ, మీరన్నది కాదనను. కానీ నాకు కావలసింది నాన్నగారికి ఏం చెప్పాలన్నది. ఎవరు ఎవరికంటే ఎక్కువ చెడ్డ అన్న లెక్క నాకు వద్దు.

ఆదోని_టు_సియాటిల్:

మీ అన్నయ్య మాట మీద నాదీ ఒక ముక్క. మా ఆదోని అమ్మాయి 2023 జనవరిలో ఇక్కడ సియాటిల్ సౌత్ లేక్ యూనియన్‌లో రోడ్డు దాటుతుంటే పోలీసు కారు గుద్ది చనిపోయింది. చదువుకోవడానికి వచ్చిన పిల్ల, 23 ఏళ్లు. 25 మైళ్ల స్పీడ్ దాటకూడని చోట కారు 74 మైళ్ల మీద పోతోంది. ఎమర్జెన్సీ కాల్‌కి వెళ్తున్నానన్నాడు. ఇది కొట్టడం కాదు, ఒప్పుకుంటాను. ఇక్కడ మనల్ని కుదిపింది మాత్రం ఆ తర్వాతి సంగతి. ఇంకో ఆఫీసర్ ఫోన్‌లో నవ్వుతూ, ఆ అమ్మాయి విలువ అంతంతమాత్రమే, 11,000 డాలర్లకి చెక్కు రాసేస్తే సరిపోతుంది అన్నాడు. అతనేమో పోలీసు యూనియన్‌లో ఉపాధ్యక్షుడు. బాడీ కెమెరా ఆన్‌లో ఉన్న సంగతి మర్చిపోయినట్టున్నాడు. ఆ వీడియో సెప్టెంబర్‌లో బయటికొచ్చాక గానీ అందరూ మేలుకోలేదు. మన కాన్సులేట్ అప్పుడే గట్టిగా రాసింది.

కారు నడిపినవాడి మీద క్రిమినల్ కేసు పెట్టలేమని 2024 ఫిబ్రవరిలో ప్రాసిక్యూటర్ తేల్చేసింది. నవ్వినవాణ్ణి ఆ జూలైలో ఉద్యోగంలోంచి తీసేశారు. నడిపినవాణ్ణి 2025 జనవరిలో. నవ్వినవాడి ఉద్యోగం ముందు పోయింది చూశారా? పరువు అంటే ఇదే. ప్రాణం పోయినదానికంటే వినబడకూడనిది వినబడినందుకు వీళ్లు ముందు స్పందించారు.

దీనివల్ల మనవాళ్ల దృష్టిలో అమెరికా పరువు పోయిందా అంటే, హైదరాబాద్ కాన్సులేట్‌లో వీసా స్లాట్లు చూసి చెప్పండి. మా ఊళ్లో ఆ అమ్మాయి కోసం ఏడ్చిన ఇళ్లలోంచే తర్వాతి సంవత్సరం పిల్లలు ఇక్కడికొచ్చారు. నేను తప్పు పట్టడం లేదు, నేనూ ఇక్కడే ఉన్నాను.

వాంకూవర్_వదిన:

శిరీషా, భాష రాకపోవడమే అసలు సమస్య అనుకుంటున్నావు కదా, నిజమే. మా ఎయిర్‌పోర్టులో 2007లో పోలండ్ నుంచి వచ్చినాయన, అమ్మ దగ్గరికి వస్తున్నాడు, పోలిష్ తప్ప ఇంకోటి రాదు. దాదాపు పది గంటలు అరైవల్స్‌లోనే చిక్కుకుపోయాడు, ఎవరూ పట్టించుకోలేదు. అమ్మ బయట ఎదురుచూసి చూసి ఇంటికెళ్లిపోయింది. చివరికి విసిగి సామాన్లు విసిరేస్తుంటే నలుగురు పోలీసులొచ్చి నిమిషం కూడా కాకముందే కరెంటు షాకిచ్చే టేజర్ వేశారు. ఐదు సార్లు. చనిపోయాడు. మొదట పోలీసులు చెప్పిన కథ ఒకటి, అక్కడున్న ప్రయాణికుడు తీసిన వీడియోలో ఉన్నది ఇంకొకటి. ఆ వీడియో లేకపోతే కెనడా ఇప్పటికీ అందరికీ తీపి దేశమే. పెద్ద విచారణ కమిషన్ వేశారు, తర్వాత ఇద్దరికి శిక్ష కూడా పడింది. చంపినందుకు కాదమ్మా, విచారణలో అబద్ధం చెప్పినందుకు.

మా అత్తగారు వచ్చినప్పుడు నేను చేసింది చెప్తాను. మెడలో వేసుకునే కార్డు చేయించాను. జేబులో పెట్టకు. పోలీసు ఎదురుగా ఉన్నప్పుడు జేబులో చెయ్యి పెట్టడమంత ప్రమాదం ఇంకోటి లేదు. చేతులు వెనక్కి కట్టుకోవద్దని కూడా నాన్నగారికి చెప్పు, చేతులు కనబడాలి. ఎవరైనా పట్టుకుంటే లాక్కోవద్దు, కదలకుండా నిలబడాలి. అవమానంగా ఉంటుంది, తర్వాత కోప్పడదాం.

రావు_హంట్స్‌విల్:

వదినగారు చెప్పినదానికి ఒకటి కలుపుతాను, మళ్లీ వస్తానన్నది ఇదే. మాడిసన్‌లో పోలీసులు తమంతట తాము రాలేదు, వీధిలోవాడు పిలిస్తే వచ్చారు. కాబట్టి అసలు పని పోలీసుల దగ్గర కాదు, పక్కింటివాళ్ల దగ్గర. నాన్నగారు దిగిన మర్నాడే ఆయన్ని వెంటబెట్టుకుని అటు నాలుగిళ్లు, ఇటు నాలుగిళ్లు తిరుగు. ఏదో ఒక స్వీటు పట్టుకెళ్లు, ‘మా నాన్న, పొద్దున్నే నడుస్తారు’ అని చెప్పు. మీ కమ్యూనిటీ గ్రూపులో ఫోటోతో పోస్టు పెట్టు. ఒక పెద్దమనిషి తన వీధిలో నడవడానికి ముందుగా ఇంతమందికి చెప్పుకోవాలా అని నాకూ మండుతుంది. ఆ మంట సంగతి మనం ఓటు వేసేటప్పుడు చూసుకుందాం, నీకు ఓటుంటే. ఈ ఆరు నెలలకి స్వీటే పనిచేస్తుంది.

నడక టైం మార్పించు. పూర్తిగా తెల్లారాక వెళ్లమను. మొదటి వారం నువ్వు కూడా వెళ్లు.

శిరీష_షార్లెట్:

అందరికీ థాంక్స్. అన్నయ్యకి ఈ థ్రెడ్ పంపాను, ‘అయితే గవర్నర్ ఉత్తరం దండగేనా’ అని అడుగుతున్నాడు. రావు గారూ, ఏమంటారు?

రావు_హంట్స్‌విల్:

దండగ కాదు. ఒక రాష్ట్ర గవర్నర్ ఇది మితిమీరిన బలప్రయోగం అని సొంత సంతకంతో రాయడం చిన్న విషయం కాదు, నా తెల్లజాతి కొలీగ్స్ కొందరు అది చదివాకే ఆ వీడియో గురించి నాతో నోరు విప్పారు. కానీ ఆ ఉత్తరం రెండు ప్రభుత్వాల మధ్య కాగితం. పెద్దాయన మెడకి అది పట్టీ వేయలేదు.

వాంకూవర్_వదిన:

కార్డు మీద ఏం రాయాలో చెప్పడం మర్చిపోయాను. పైన పెద్ద అక్షరాల్లో ‘ఐ స్పీక్ తెలుగు, నో ఇంగ్లిష్, ప్లీజ్ కాల్ మై డాటర్’ అని ఇంగ్లిష్‌లో, కింద నీ నంబరు, మీ ఇంటి అడ్రసు. బీపీ మందులో, వినికిడి సమస్యో ఉంటే అదీ రాయి. వినబడక పలకకపోతే మొండికేశాడనుకుంటారు. లామినేషన్ మాత్రం తెనాలిలోనే చేయించి పట్టుకురమ్మను, ఇక్కడ ఊరికే డాలర్లు.