పదిమంది వాగ్గేయకారుల లిస్ట్ వేయాలి, అన్నమయ్యని ఎక్కడ పెట్టాలి?

సభ_వాలంటీర్:
అందరికీ నమస్కారం. మా కాలనీలో చిన్న సంగీత సభ ఉంది, ఏటా పుష్య బహుళ పంచమికి త్యాగరాజు పంచరత్న కీర్తనలు పాడించి ప్రసాదాలు పంచి ఆరోజుతో సరిపెట్టేస్తాం. ఈసారి అలా కాకుండా నెలకి ఒకరు చొప్పున పదిమంది వాగ్గేయకారుల (పాట రాసి, వరస కూడా తామే కట్టినవాళ్ల) మీద కచేరీలు పెడదామని కమిటీలో అనుకున్నాం, పదో స్థానంతో మొదలెట్టి చివరి నెల ఒకటో స్థానం, అలా అయితే జనం కూడా తర్వాత ఎవరా అని ఎదురుచూస్తారని ఐడియా. గొడవంతా ఇక్కడే మొదలైంది. నేను వేసిన వరుస ఇది: త్యాగరాజు, ముత్తుస్వామి దీక్షితులు, శ్యామశాస్త్రి, అన్నమయ్య, క్షేత్రయ్య, పురందరదాసు, రామదాసు, స్వాతి తిరునాళ్, పట్నం సుబ్రహ్మణ్య అయ్యర్, బాలమురళీకృష్ణ.

కమిటీలో ఒక పెద్దాయన దీనికి అస్సలు ఒప్పుకోవట్లేదు. సంగీత త్రిమూర్తుల (త్యాగరాజు, దీక్షితులు, శ్యామశాస్త్రి) కంటే మూడొందల ఏళ్ల పైనే ముందు పుట్టి వేలల్లో కీర్తనలు రాసిన అన్నమయ్యని తెలుగువాళ్లమై ఉండి నాలుగో స్థానంలో ఎలా పెడతారు, ఒకటిలో పెట్టకపోతే నేను చందా ఇవ్వనంటున్నారు. చందా సంగతి పక్కన పెడితే ఆయన అడిగినదానికి నాకు సరైన సమాధానం తెలీట్లేదు. సంగీతం తెలిసినవాళ్లు మీ వరుస చెప్పండి, ఎందుకో కూడా చెప్పండి ప్లీజ్.

గోదారి_శృతి:
ముందు దేన్ని బట్టి ర్యాంక్ ఇస్తున్నారో తేల్చుకోండి. భక్తిని బట్టా, సాహిత్యాన్ని బట్టా, ఎన్ని రాశారన్నదాన్ని బట్టా? మీది సంగీత సభ కాబట్టి సంగీతాన్ని బట్టే ఇవ్వాలని నా అభిప్రాయం. పిల్లలకి పాఠం చెప్పేటప్పుడు ఈ ప్రశ్న వస్తే నేను ఒకటే అడుగుతాను, ఫలానా ఆయన పుట్టలేదనుకోండి, ఇవాళ కచేరీలో ఏం వినపడదు?

త్యాగయ్యని తీసేసి చూడండి. ఖరహరప్రియ అంటే చక్కని రాజమార్గము, రామా నీ సమానమెవరు, పక్కల నిలబడి, మిత్రి భాగ్యమే, ఇవన్నీ ఆయనవే, అటు దీక్షితులు గానీ ఇటు శ్యామశాస్త్రి గానీ ఆ రాగం జోలికే పోలేదు. అంటే ఇవాళ గంటసేపు మెయిన్‌గా పాడుకునే ఒక రాగం మొత్తం ఒక్క మనిషి చేతి మీదుగా నిలబడింది. హరికాంభోజి తీసుకున్నా రామ నన్ను బ్రోవరా, దినమణి వంశ, మళ్లీ ఆయనే. ఇక సంగతులు, అంటే పల్లవి ఒక్క లైన్‌నే మెట్టుమెట్టుగా పెంచుకుంటూ పోవడం, అది ఇంతగా పెరిగింది ఆయన కృతుల్లోనే, శుద్ధసావేరిలో దారిని తెలుసుకొంటి ఒక్కటి నేర్చుకుంటే చాలు, గాత్రానికి వేరే సాధన అక్కర్లేదంటాను నేను. ఏడొందల దాకా కృతులు మిగిలాయి, చిన్నపిల్లలు పాడే దివ్యనామ కీర్తనల దగ్గర్నుంచి పంచరత్నాల దాకా ఏ స్థాయివాళ్లకి ఆ స్థాయి పాట ఉంది. కాబట్టి ఒకటో స్థానం గురించి చర్చే లేదు.

మీ లిస్ట్‌లో నాకు నచ్చనిది పురందరదాసు ఆరో స్థానం. కన్నడం కాబట్టి కిందకి నెట్టినట్టున్నారు. మాయామాళవగౌళలో సరళీ వరసలు ఆయన పెట్టినవేనని సంప్రదాయం చెప్తుంది, మలహరి గీతాలు ఆయనవి, ఆయన్ని తీసేస్తే మొదటి రోజు పాఠమే లేదు. నా వరుసలో ఆయన రెండు.

ఇక అన్నమయ్య. ఇదే పరీక్ష ఆయనకి పెడితే 1930లో జరిగిన కచేరీలో తేడా ఏమీ తెలీదు, ఎందుకంటే అప్పటికి ఆయన పాటలు కచేరీల్లో లేనే లేవు. ఇవాళ మనం వింటున్న వరసలు అన్నమయ్యవి కావు, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారివి, నేదునూరి కృష్ణమూర్తి గారివి, గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ గారివి. నానాటి బతుకు రేవతిలో వింటుంటే కళ్లు చెమరుస్తాయి కదా, ఆ రేవతి నేదునూరి గారు ఇచ్చింది. సాహిత్యానికి దండం పెడతాను, కానీ వాగ్గేయకారుడు అంటే మాటా ధాతువూ (అంటే వరస) రెండూ ఆయనవే అయ్యుండాలి, ధాతువు మన చేతికి రానప్పుడు దానికి ర్యాంక్ ఎలా ఇస్తాం?

పెన్నా_ఒడ్డు:
గోదారి గారూ, మీరు చెప్పిన పరీక్షలో ఒక అన్యాయం ఉండాది. పాట మనకి చేరలేదంటే అది కట్టినాయన తప్పా? మా తాళ్లపాకాయన 1408లో పుట్టి 1503 దాకా బతికినాడు, ముప్పైరెండు వేలు కట్టినాడని మనవడు చిన్నన్నే రాసినాడు, కొడుకులు మనవళ్లు కలిసి వాటిని రాగిరేకుల మీద చెక్కించి తిరుమల గుళ్లో అరలో పెట్టినారు. అంత జాగ్రత్త ఇంకెవరికి జరిగింది చెప్పండి? కాకపోతే రేకు మీద రాగం పేరు చెక్కినారు గానీ స్వరం చెక్కలేదు, ఆ కాలంలో స్వరం రాసుకునే అలవాటు ఎక్కడిది, పాడేవాళ్లు ఉన్నారు కదా నోటితో నేర్పుతారు అనుకున్నారు. తర్వాత ఆ పాడేవాళ్ల వరుస తెగిపోయింది, ఇరవయ్యో శతాబ్దం దాకా రేకులు చీకట్లోనే ఉన్నాయి. వేటూరి ప్రభాకరశాస్త్రి లాంటి పెద్దలు కూర్చుని చదివితే గానీ మనకి తెలీలా.

అయినా ధాతువు అసలే లేదనడం సరికాదు. పల్లవి, దాని వెనకాల చరణాలు, ప్రతి చరణం తర్వాత తిరిగి పల్లవికి రావడం, ఈ కట్టడం మనకి దండిగా కనపడేది తాళ్లపాకవాళ్ల దగ్గరే. త్యాగయ్య దివ్యనామాలు ఆ అచ్చులోవే కదా. ఇల్లు కట్టేదానికి ప్లాన్ గీసినోడికి వాటా లేదంటే ఎట్లా? ముఖారి, సామంతం, బౌళి, సాళంగనాట అని రేకు రేకునా రాగం పేరు రాయించినాడంటే ఆయనకి సంగీతం ఎంత ముఖ్యమో తెలుస్తానే ఉంది. నా వరుసలో త్యాగయ్య పక్కనే, ఒక్క మెట్టు కూడా కింద కాదు.

మైలాపూర్_తెలుగు:
మీరిద్దరూ దీక్షితుల వారిని పలకరించకుండానే వెళ్లిపోయారు! తెలుగు గ్రూపుల్లో ఎప్పుడూ ఇదే జరుగుతుంది, ఆయన కృతులు ఎక్కువగా సంస్కృతం కాబట్టి మనవాడు కాదన్నట్టు రెండో స్థానం రాసేసి ముందుకెళ్లిపోతారు.

ఒక్క విషయం చెప్తాను. దీక్షితుల కృతులు ఇవాళ అసలు రూపంలో దొరుకుతున్నాయంటే దానికి కారణం సుబ్బరామ దీక్షితులు రాసిన సంగీత సంప్రదాయ ప్రదర్శిని. 1904లో ఎట్టయపురంలో అచ్చయింది, రెండొందలకు పైగా దీక్షితుల కృతులు, ప్రతి గమకానికీ (స్వరాన్ని ఊపి పలికే తీరుకి) ఒక గుర్తు పెట్టి మరీ, మొత్తం తెలుగు లిపిలో. చిన్నస్వామి మొదలియార్ అనే ఆయన వెంటపడి రాయించారు, జమీందారు గారు డబ్బు పెట్టారు. అంటే తమిళనాడులో పుట్టి పెరిగిన సంప్రదాయానికి సంబంధించిన మూలగ్రంథాన్ని ఇక్కడి విద్వాంసులు తెలుగు అక్షరాలు నేర్చుకుని చదివేవారు, 1961 నుంచి మ్యూజిక్ అకాడమీ తమిళంలో తెచ్చేదాకా ఇదే పరిస్థితి. అలాంటి పుస్తకం మన లిపిలో ఉంటే మనవాళ్లు ఎంతమంది తెరిచి చూశారు?

సంగీతం పరంగా అయితే చౌకకాలంలో, అంటే బాగా నిదానమైన నడకలో, ఒక రాగాన్ని అంత నెమ్మదిగా, ఎక్కడా తొందరపడకుండా పూర్తిగా గీసి చూపించింది ఆయనే. కాంభోజిలో శ్రీ సుబ్రహ్మణ్యాయ నమస్తే, శంకరాభరణంలో అక్షయలింగవిభో, యమునాకల్యాణిలో జంబూపతే వినండి. కమలాంబా నవావరణాలు చూడండి, మొదటి ఎనిమిది కృతులు వరుసగా ఎనిమిది విభక్తుల్లో నడుస్తాయి, తొమ్మిదోది ఆహిరి, అందులో అన్ని విభక్తులూ వస్తాయి, అది చాలక శ్రీవిద్య (దేవీ ఉపాసన శాస్త్రం) మొత్తం అందులో సర్దారు. కాశీలో విన్న హిందుస్తానీ నీడ ద్విజావంతి రాగంలో కనిపిస్తుంది, ఇంగ్లీష్ బ్యాండ్ వరసలకి సంస్కృతం రాసిన నొట్టుస్వరాలు ఇంకోపక్క. ఇంత వెడల్పు త్యాగయ్యలో కూడా లేదని నేను గట్టిగా అంటాను. నాకు ఇద్దరూ ఒకటో స్థానమే, మీ ప్రోగ్రామ్‌కి ఒక్కరే కావాలంటే మాత్రం నా ఓటు దీక్షితులకి.

తంబుర_తీగ:
లిస్ట్‌లో పదిమందీ మగవాళ్లే. తరిగొండ వెంగమాంబ గుర్తు రాలేదా ఎవరికీ? 1730లో పుట్టింది, భర్త పోయాక తలనీలాలు తీయించుకోవడానికి ఒప్పుకోలేదు, తిరుమల వెళ్లి అక్కడే ఉండిపోయింది, యక్షగానాలు రాసింది, కీర్తనలు రాసింది. ఇవాళ్టికీ ఏకాంతసేవలో తాళ్లపాకవారి లాలి, తరిగొండవారి హారతి అంటారు. అన్నమయ్యతో సమానంగా ప్రతి రాత్రీ పేరు వినపడే మనిషి మీ పదిలో లేదు. పట్నం వారు, బాలమురళి గారు ఇద్దరూ త్యాగయ్య శిష్యపరంపరే (త్యాగయ్య శిష్యుడు మానంబుచావడి వెంకటసుబ్బయ్య దగ్గర పట్నం వారు నేరుగా నేర్చుకున్నారు, బాలమురళి గారిది సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రి, పారుపల్లి రామకృష్ణయ్య పంతులు గార్ల మీదుగా అదే దారి) కాబట్టి వాళ్లిద్దరినీ ఒక నెలలో కలిపేసి ఆ ఖాళీలో వెంగమాంబని పెట్టండి.

ఇంకోటి, క్షేత్రయ్య. మువ్వగోపాల పదాలు (నెమ్మదిగా నడిచే శృంగార పాటలు) వేలల్లో కట్టాడంటారు, మిగిలినవి కొన్ని వందలు. ఆ కొన్నైనా ఎవరి వల్ల మిగిలాయి? ఇక్కడ గోదావరి జిల్లాల కళావంతుల ఇళ్లల్లో ఆడవాళ్లు పాడి ఆడినందువల్ల, అక్కడ మద్రాసులో వీణ ధనమ్మాళ్ కుటుంబం వల్ల. నాదనామక్రియలో పయ్యద అనే పదం ధనమ్మాళ్ మనవరాళ్లు బృంద, ముక్త పాడింది దొరికితే వినండి, ఒక్కో అక్షరం దగ్గర రాగం ఎంతసేపు ఆగుతుందో. ఈ ఆడవాళ్లనే సమాజం వెలేసింది, ఈ పదాలనే బూతులంది. తిరువయ్యారులో త్యాగయ్య సమాధికి గుడి కట్టించింది కూడా బెంగళూరు నాగరత్నమ్మే, తన సొంత నగలూ ఆస్తీ పెట్టి. అక్కడే ఆడవాళ్లని పాడనిచ్చేవారు కాదు ఆ రోజుల్లో. మీరు ర్యాంకులు ఇస్తున్న ప్రతి ఒక్కరి వెనకాలా పాటని మోసినవాళ్లున్నారు, ప్రతి నెలా ఆ పేర్లు కూడా స్టేజ్ మీద చెప్పించండి, నా కోరిక అదొక్కటే. క్షేత్రయ్యకి నేనిచ్చే స్థానం మూడు.

ఖమ్మం_పోరడు:
రామదాసును ఏడులో పెట్టిన్రు, సరే. సంగీతం లెక్కన జూస్తే గోదారి గారు చెప్పినట్టు రాగం పెద్దగా నడిచే కీర్తనలు కావవి, నేను ఒప్పుకుంటా. కానీ మా దిక్కు భజన మండళ్లల్ల చదువురాని మనిషి సుత ఇరవై కీర్తనలు చూడకుండ పాడ్తడు, తాళం ఒక్కటి దొరికితే చాలు. నేలకొండపల్లిల పుట్టిన కంచర్ల గోపన్న, పాల్వంచ పరగణా తహసీల్దారు, వసూలైన సొమ్ముతోని భద్రాచలంల గుడి కట్టి గోల్కొండ జైల్ల పన్నెండేండ్లు ఉన్నడు. ఆ జైల్ల కూర్చొని రాముడికే లెక్క చెప్పిండు, ఏ నగకు ఎంత పెట్టిన్నో పాట కట్టి అడిగిండు. దేవునితోని గట్ల కొట్లాడినట్టు మాట్లాడుడు త్యాగయ్యల మళ్ల కనిపిస్తది మనకు, సాధించెనే వింటే తెలుస్తది.

ఇది నా ఊహ మాత్రమే కాదు. దేవగాంధారిల క్షీరసాగర శయన అనే కృతిల త్యాగయ్యే రామదాసు చెర విడిపించిన సంగతి విన్నానని రాముడికి గుర్తు చేస్తడు. ఒకటో నంబర్ ఆయనే తన పాటల పేరు పెట్టి తలుచుకున్న మనిషికి ఏడో నంబర్ ఇస్తే ఎట్ల? నాలుగు ఇయ్యుండ్రి. పలుకే బంగారమాయెనా ఒక్కటి పెట్టుండ్రి, ఆనందభైరవిల, హాల్‌ల అందరు గొంతు కలుపుతరు.

సభ_వాలంటీర్:
అందరికీ చాలా థాంక్స్, ప్రింట్ తీసి కమిటీలో చదివి వినిపించాను. వెంగమాంబ గారి నెల ఖాయమైంది, పట్నం వారు, బాలమురళి గారు ఒకే నెలలో, గురుపరంపర చెప్పి మరీ పాడిస్తాం. పురందరదాసుని మూడుకి తెచ్చాం, రామదాసు నాలుగు. క్షేత్రయ్య, అన్నమయ్య, శ్యామశాస్త్రి ఈ ముగ్గురి వరుస ఇంకా తేలలేదు. పెద్దాయన మాత్రం వరసలు ఎవరివైనా పాట అన్నమయ్యదే కదా అని అక్కడే ఉన్నారు. శ్యామశాస్త్రి గురించి మీరెవరూ ఒక్క ముక్క రాయలేదు, ఆయన్ని కిందకి దింపినా పర్లేదా?

గోదారి_శృతి:
దింపకండి! కృతులు వంద కూడా దాటవు కానీ ఒక్కటి కూడా తేలిపోయేది లేదు. స్వరజతి అంటే అంతకుముందు నాట్యానికి సంబంధించింది, దాన్ని కూర్చుని పాడే స్థాయికి తెచ్చింది ఆయన, భైరవిలో కామాక్షీ అనుదినము, తోడిలో రావే హిమగిరికుమారి, యదుకులకాంభోజిలో కామాక్షీ నీ పదయుగమే, భైరవి రాగం ఏంటని ఎవరైనా అడిగితే ఆ మొదటిది పాడి చూపిస్తే చాలు. ఆనందభైరవి అంటే ముందు ఆయనే గుర్తొస్తారు, ఓ జగదంబా, హిమాచలతనయ, మరివేరే గతి. పైగా సాహిత్యం చాలావరకు తేట తెలుగు, తల్లితో బిడ్డ మాట్లాడినట్టు, అర్థం చెప్పాల్సిన పనే ఉండదు మీ సభలో. దీక్షితుల తర్వాత ఆయనే ఉండాలి, అంటే పురందరదాసుని నేను చెప్పినట్టు రెండుకి తేకపోయినా సరే గానీ శ్యామశాస్త్రిని నాలుగు దాటనివ్వకండి.

పెన్నా గారికి కూడా ఒక మాట. పల్లవి చరణాల కట్టడం గురించి మీరు చెప్పింది న్యాయమే, అన్నమయ్యని ఐదులో పెట్టడానికి నాకు అభ్యంతరం లేదు. ఒకటో స్థానానికి మాత్రం ఒప్పుకోను.

పెన్నా_ఒడ్డు:
ఐదు తక్కువే. కానీ ఆ నెల కచేరీలో ప్రతి పాటకీ వరస కట్టినాయన పేరు చెప్పి పాడితే మాకు సంతోషం, రాళ్లపల్లి వారిది అనంతపురం జిల్లా, మా సీమ మనిషే.

మైలాపూర్_తెలుగు:
సభ గారూ, శ్యామశాస్త్రి నెలకి పాడేవాళ్లని బుక్ చేసేటప్పుడు విలోమ చాపు కృతులు ఏవేం పాడతారో ముందే కనుక్కుని మృదంగం ఆయనకి చెప్పండి. మామూలు మిశ్ర చాపు తాళం మూడు నాలుగుగా నడిస్తే అది నాలుగు మూడుగా నడుస్తుంది, అలవాటు లేనివాళ్లు స్టేజ్ మీద తడబడతారు. దీక్షితుల నెలకి రెండున్నర గంటలు తక్కువ పెట్టకండి, చౌకకాలం కృతులు తొందరగా పాడిస్తే ఆ నెల పెట్టి ఉపయోగం లేదు.