కృత్తిక కార్తె మేలో, కార్తీక మాసం నవంబరులో: కార్తెల సామెతల మీద ఒక చర్చ

"రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయి" అన్న సామెత మీద మొన్న మొదలైన చర్చలో ఒక సభ్యురాలు మంచి ప్రశ్న వేశారు. కృత్తిక కార్తె మే నెలలో వస్తుంది, కార్తీక మాసం అక్టోబరు, నవంబరుల్లో వస్తుంది. రెండు పేర్లూ కృత్తికా నక్షత్రం నుంచి వచ్చినవే. మరి మధ్యలో ఆరు నెలల ఎడం ఎలా వచ్చింది అని. చాలామంది అడగకుండా వదిలేసే ప్రశ్న ఇది. జవాబు కాస్త పెద్దదే అయినా, ఇది తెలిస్తే మన సామెతల్లో సగం వాటంతట అవే విడిపోతాయి.

మాసానికి పేరు పెట్టేది చంద్రుణ్ణి చూసి, కార్తెకు పేరు పెట్టేది సూర్యుణ్ణి చూసి. పున్నమినాడు చంద్రుడు ఏ నక్షత్రం దగ్గర ఉంటే ఆ నెలకు ఆ పేరు. కృత్తిక దగ్గర ఉంటే కార్తీకం, విశాఖ దగ్గర ఉంటే వైశాఖం, మృగశిర దగ్గర ఉంటే మార్గశిరం. సూర్యుడు ఏ నక్షత్ర భాగంలో నడుస్తుంటే అది ఆ కార్తె. పున్నమినాడు సూర్యుడు పడమట దిగుతుంటే చంద్రుడు తూర్పున లేస్తాడు, ఇద్దరూ ఆకాశంలో ఎదురెదురుగా ఉంటారు. చంద్రుడు కృత్తికలో నిండుగా ఉన్నాడంటే సూర్యుడు సరిగ్గా అవతలి వైపు, విశాఖ దరిదాపుల్లో ఉన్నాడన్నమాట. ఆ సూర్యుడు నడిచి నడిచి కృత్తికకు చేరేసరికి అర్ధ సంవత్సరం గడుస్తుంది. అందుకే విశాఖ కార్తె నవంబరులో, వైశాఖ మాసం ఎండాకాలంలో. మృగశిర కార్తె జూన్‌లో, మార్గశిరం చలికాలంలో. ఏ జత తీసుకున్నా ఇదే లెక్క.

దీని వెంటే నన్ను ఎప్పుడూ ఆశ్చర్యపరిచే సంగతి ఒకటుంది. ఏ నక్షత్రం పేరున కార్తె నడుస్తుందో ఆ కార్తెలో ఆ నక్షత్రం కంటికి కనిపించదు. రోహిణి ఎర్రగా మెరిసే పెద్ద చుక్క. మే చివర, జూన్ మొదట్లో సూర్యుడు దాని పక్కగానే సాగుతాడు కనుక అది పగటి వెలుగులో మునిగిపోయి ఉంటుంది. రోహిణిని చూడాలంటే మార్గశిర మాసంలో పొద్దుగూకాక తూర్పు వైపు చూడండి. దానికి కాస్త పైన చిన్న చుక్కల గుంపు కనిపిస్తుంది. అదే కృత్తిక, మన పల్లెల్లో పిల్లలకోడి. చూపుకు అందని చుక్క దగ్గర సూర్యుడు ఉన్నాడని చెప్పాలంటే, తెల్లవారుజామున ఏ చుక్క ముందు లేస్తోంది, మునిమాపున ఏది చివర కుంకుతోంది అని ఏళ్ళ తరబడి గమనించి ఉండాలి. కార్తెల వెనుక అంతటి చూపు ఉంది.

ఇక కొలతల సంగతి. ఆకాశ వలయాన్ని 27 సమభాగాలు చేస్తే ఒక్కొక్కటి 13 డిగ్రీల 20 కళలు (కళ అంటే డిగ్రీలో అరవయ్యో వంతు). సూర్యుడు రోజుకు సుమారు ఒక డిగ్రీ కదులుతాడు కనుక ఒక కార్తె 13 లేదా 14 రోజులు. ఎందుకు 13, ఎందుకు 14 అన్నది కూడా ఆసక్తికరమే. జనవరి మొదట్లో భూమి సూర్యుడికి అన్నిటికంటే దగ్గరగా వచ్చి వేగంగా తిరుగుతుంది, జులై మొదట్లో దూరంగా ఉండి నెమ్మదిస్తుంది. అందువల్ల జులై 6 ప్రాంతంలో మొదలయ్యే పునర్వసు 14 రోజులు తీసుకుంటే, డిసెంబరు మధ్యలో వచ్చే మూల 13 రోజుల్లో ముగుస్తుంది. ఉగాది మార్చి మూడో వారం నుంచి ఏప్రిల్ రెండో వారం దాకా అటూ ఇటూ జరుగుతుంది గానీ, రోహిణి కార్తె మాత్రం ఏటా మే 25 ప్రాంతంలోనే వస్తుంది, మృగశిర జూన్ 8కి అటూ ఇటూ. వానలు సూర్యుణ్ణి పట్టుకుని వస్తాయి, చంద్రుణ్ణి కాదు. పండుగలకు తిథులు పెట్టుకున్న మనవాళ్ళు సేద్యానికి కార్తెలు పెట్టుకున్నది అందుకే.

"రోళ్ళు పగలడం అతిశయోక్తి కాదా?" అన్న వ్యాఖ్యకు

అతిశయోక్తే, కానీ గాలిలోంచి పుట్టింది కాదు. నల్లరాయిలో, గ్రానైటులో రకరకాల ఖనిజాలు కలిసి ఉంటాయి. వేడికి అవన్నీ ఒకే మేర వ్యాకోచించవు. బండ మీద మంట పెట్టి, ఆ వేడికి పైపొర లేచి విడివడేలా చేసి రాయి తీయడం మన ప్రాంతపు పాత రాతిపని. తెలంగాణ గుట్టల్లో గుండ్ల మీద పొరలు పొరలుగా రాయి ఊడి ఉండటం చూసే ఉంటారు. దానికి ఇతర కారణాలూ ఉన్నా ఎండకు కాగడం, రాత్రికి చల్లారడం కూడా ఒక కారణం. పెరట్లో ఎండకు ఎండే రోలును చూస్తూ బతికినవాళ్ళకు ఆ మాట తోచడంలో వింత లేదు.

అంతకంటే విశేషం, ఆ మాట రోహిణికే ఎందుకు దక్కిందన్నది. సూర్యుడు మన నడినెత్తికి వచ్చేది రోహిణిలో కాదు. హైదరాబాదులో నిటారుగా నిలబెట్టిన కర్రకు మిట్టమధ్యాహ్నం నీడ మాయమయ్యేది మే 9 ప్రాంతంలో, అంటే ఇంకా భరణి కార్తె ఉండగానే. విజయవాడలో అంతకు కొన్ని రోజుల ముందే, తిరుపతిలో ఏప్రిల్ చివర. అయినా కోస్తాలో వడగాలుల తీవ్రత మే ఆఖరుకే ఎక్కువ. నేల వేడెక్కడానికి సమయం పడుతుంది, వాయవ్యం నుంచి వచ్చే పొడిగాలి దానికి తోడవుతుంది, రుతుపవనం ఇంకా చేరదు. 2015 మే ఆఖరు వారాల్లో వడగాలులకు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ కలిపి వెయ్యికి పైగా ప్రాణాలు పోయాయి. రోహిణి మొదలయ్యే రోజులవే. ఆ సామెతను హెచ్చరికగా వినాలని నా అభిప్రాయం.

"ఆరుద్ర పురుగుకు ఆరుద్ర నక్షత్రానికి సంబంధం ఉందా? రెండూ ఎరుపే కదా" అన్న ప్రశ్నకు

ఆరుద్ర నక్షత్రం ఎర్రటిదన్న మాట నిజం, పురుగు ఎర్రటిదన్నదీ నిజం. కానీ పేరు రంగును బట్టి వచ్చింది కాదు, కార్తెను బట్టి వచ్చింది. ఆరుద్ర కార్తె జూన్ 22 ప్రాంతంలో మొదలవుతుంది, తొలకరి వానలకు నేల బాగా పదునెక్కే రోజులు. ఏడాదిలో ఎక్కువ భాగం మట్టిలోపలే గడిపే ఈ జీవి వాన పడి తెరిపి ఇచ్చాక పైకి వస్తుంది, కొద్ది గంటలు తిరిగి మళ్ళీ లోపలికి పోతుంది.

దీన్ని దగ్గరగా చూడనివాళ్ళ కోసం చెబుతాను. చెలక గట్టున తడి మట్టి మీద చూస్తే, ఎర్ర మఖమలు గుడ్డ నుంచి కత్తిరించిన ముక్క కదులుతున్నట్లు ఉంటుంది. ఒళ్ళంతా పొట్టి నూగు. పెద్దది సెంటీమీటరు పైచిలుకు ఉంటుంది. వేలితో మెల్లగా ముట్టుకుంటే కాళ్ళన్నీ లోపలికి ముడుచుకుని కదలకుండా ఉండిపోతుంది. కాసేపు ఓపిక పట్టి చూస్తే ముందుకాళ్ళు చాపి, నేలను తడిమి, మళ్ళీ నడక సాగిస్తుంది. ఆ కాళ్ళు లెక్కపెట్టండి, ఎనిమిది ఉంటాయి. పురుగు అని పిలుస్తున్నాం గానీ ఇది సాలీడు, తేలు జాతికి చెందినది. పిల్లగా ఉన్నప్పుడు మాత్రం ఆరు కాళ్ళే. అప్పుడది మిడతల్లాంటి వాటి ఒంటిని అంటిపెట్టుకుని వాటి రసం పీలుస్తుంది. పెద్దయ్యాక చెదపురుగుల మీద, పురుగుల గుడ్ల మీద బతుకుతుంది. తొలివానకు ఉసిళ్ళు, అంటే రెక్కలొచ్చిన చెదపురుగులు, లేచే వేళకే ఇదీ పైకి వస్తుందంటే విందు కోసమే మరి. ఆ ఎరుపు "నన్ను తినకు" అని పక్షులకు చెప్పే గుర్తు. నోట పెట్టుకున్న ప్రాణికి దాని రుచి సహించదు.

సంస్కృతంలో దీన్ని ఇంద్రగోపం అంటారు. అందమైన పేరే, కానీ నాకు ఆరుద్ర పురుగు అన్న పేరే ఇష్టం. ఎప్పుడు వెతకాలో ఆ పేరే చెబుతుంది. "ఆరుద్ర కురిస్తే దారిద్ర్యం లేదు" అన్న సామెత కూడా ఇక్కడే పుట్టింది. విత్తనం పడ్డ చేను పైకి లేచే రోజులవి.

ఈ సామెతలన్నిటిలో శబ్దం చేసే పని గమనించారా? రోహిణికి రోళ్ళు, మృగశిరకు ముసలి ఎద్దు ("మృగశిర కురిస్తే ముసలి ఎద్దు కూడా రంకె వేస్తుంది"), ఆరుద్రకు దారిద్ర్యం, ఉత్తరకు ఎత్తర. అక్షరం రాని రైతుకు పంచాంగం అక్కర లేకుండా ఆ కార్తె పేరే అప్పటి పనిని గుర్తుకు తెస్తుంది. "ఉత్తర చూసి ఎత్తర గంప" అన్నదాన్ని చూడండి. ఉత్తర సెప్టెంబరు 13 ప్రాంతంలో వస్తుంది. అప్పటికీ వాన లేకపోతే ఇక ఆ ఏడు పంట మీద ఆశ వదులుకుని, గంప నెత్తికెత్తుకుని వలస పొమ్మని అర్థం. నాలుగే మాటల్లో ఒక కరువు సంవత్సరం మొత్తం ఉంది.

"మఖలో పుట్టి పుబ్బలో మాడినట్లు అనాలా, పుబ్బలో పుట్టి మఖలో మాడినట్లు అనాలా?"

రెండూ వింటాం, పత్రికల్లో రెండూ చదువుతాం. కార్తెల వరుస చూస్తే మాత్రం మొదటిదే సరైనది. మఖ ఆగస్టు 17 ప్రాంతంలో మొదలవుతుంది, దాని వెనకే పుబ్బ వచ్చి సెప్టెంబరు 13కు ముగుస్తుంది. రెండూ కలిపి 27 రోజులు. అల్పాయువును చెప్పడానికి ఇది చక్కగా సరిపోతుంది. వానాకాలపు ఈగ బతుకు కూడా రెండు నుంచి నాలుగు వారాలే. తిరగేసి చెబితే పుబ్బలో పుట్టినది మళ్ళీ మఖ రావడానికి పదకొండు నెలలకు పైగా బతకాలి. అప్పుడిక అల్పాయువు ఎక్కడిది? కొత్తగా పుట్టి త్వరలోనే కనుమరుగైన పార్టీల గురించి రాసే విలేకరులు దీన్ని సరిచూసుకుంటే బాగుంటుంది.

"విశాఖ విసరడం అంటే ఏమిటి?"

"చిత్త చిత్తగించి, స్వాతి చల్లజేసి, విశాఖ విసరకుంటే, వీసానికి పుట్టెడు పండుతానన్నదట జొన్న." ఊరిని బట్టి మాటలు కాస్త మారతాయి. వీసం అంటే పదహారో వంతు, పుట్టి అంటే ఇరవై తూములు, అంటే కాస్తంతకే బోలెడు పంట అన్నమాట. చిత్తగించడం అంటే దయతో ఆలకించడం. అక్టోబరులో చిత్త ఒక వాన ఇచ్చి, స్వాతి చల్లబరచి, నవంబరులో విశాఖ గాలి విసరకుండా ఉంటే చాలునని జొన్న మొక్కుతోంది. విసరడం అంటే ఇక్కడ గాలి కొట్టడమే అని నేను అర్థం చేసుకుంటాను. దానికి కారణం చరిత్రలో కనిపిస్తుంది. విశాఖ కార్తె నవంబరు 6 నుంచి 19 దాకా. బంగాళాఖాతంలో తుఫానులు బలపడే కాలం. కోనసీమ కొబ్బరి తోటలను నేలమట్టం చేసిన తుఫాను 1996 నవంబరు 6న తీరం దాటింది. పదివేల మందికి పైగా పొట్టన పెట్టుకున్న దివిసీమ ఉప్పెన 1977 నవంబరు 19న వచ్చింది. ఒకటి ఆ కార్తె మొదట్లో, ఒకటి చివర్లో.

"ఈ లెక్క ఎప్పటికీ ఇలాగే ఉంటుందా?"

ఉండదు. భూమి అక్షం మెల్లగా దిశ మారుస్తూ సుమారు 26 వేల సంవత్సరాలకు ఒక చుట్టు తిరుగుతుంది. అందువల్ల నక్షత్రాలను బట్టి లెక్కించే సంవత్సరం, రుతువులను బట్టి లెక్కించే సంవత్సరం కంటే సుమారు 20 నిమిషాలు ఎక్కువ. ఆ 20 నిమిషాలే కూడి 70 ఏళ్ళ పైచిలుకు కాలానికి ఒక రోజవుతాయి, వెయ్యేళ్ళకు సుమారు 14 రోజులు, అంటే దాదాపు ఒక కార్తె. నన్నయ కాలంలో ఎండాకాలంతో పోలిస్తే రోహిణి ఇప్పటికంటే ఒక కార్తె ముందే వచ్చేది. పూర్వం దక్షిణాయనం ఆశ్లేష మధ్యలో మొదలయ్యేదని, తన కాలంలో పునర్వసులో మొదలవుతోందని 6వ శతాబ్దంలో వరాహమిహిరుడు రాసిపెట్టాడు. ఇప్పుడు జూన్ 21న సూర్యుడు దక్షిణానికి మళ్ళే రోజు మృగశిర కార్తె చివరి రోజు. మర్నాడే ఆరుద్ర. కాబట్టి ఇవాళ మనం చెప్పుకునే సామెతలు ఇప్పుడున్న రూపంలో మరీ ప్రాచీనమైనవి కాకపోవచ్చు, గత కొన్ని వందల ఏళ్ళలో వానకూ కార్తెకూ కుదిరిన పొత్తును చెబుతున్నాయని నాకనిపిస్తుంది.

చివరగా నెల్లూరు మిత్రుని మాటకు. "మా వైపు మృగశిరలో ఎద్దు రంకె వేయదండి, చెరువు నిండేది దీపావళి తర్వాతే" అని రాశారు. నిజమే. నెల్లూరు జిల్లాలో ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు, డిసెంబరుల మధ్య ఈశాన్య రుతుపవనాలతో పడుతుంది. మృగశిర, ఆరుద్ర సామెతలు నైరుతి వానల మీద ఆధారపడిన తెలంగాణ, కోస్తా మెట్ట చేలవి. మీకు పనికొచ్చేవి చిత్త, స్వాతి, విశాఖల మాటలు. అక్కడి పెద్దవాళ్ళ నోట ఆ మూడు కార్తెల మీద ఏ సామెతలున్నాయో ఇక్కడ రాయండి. ఎక్కువ సంకలనాల్లో నైరుతి వైపువే కనిపిస్తున్నాయి.