కొండవాలు నిండా జీడితోటలు, వేసవికి ఎండే ఊటగెడ్డ: ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న: పాలకొండ వాసి

సీతంపేట కొండల్లోని సవర, జాతాపు గూడేలకు నేను తరచుగా వెళ్తుంటాను. (2022లో ఆ మండలం పార్వతీపురం మన్యం జిల్లాలో కలిసినా, మా నోట ఇంకా శ్రీకాకుళం కొండలనే వస్తుంది.) ఒకప్పుడు పోడులో సామలు, చోళ్ళు, కందులు కలగలిపి పండించిన వాలుల్లో ఇప్పుడు చాలావరకు జీడితోటలే కనిపిస్తున్నాయి. వేసవి వచ్చేసరికి గూడెం పైనున్న ఊటగెడ్డ (ఊటనీటి వాగు) సన్నబడి, ఆడవాళ్ళు బిందెలతో చాలా దూరం దిగవలసి వస్తోంది. అడవి పోవడానికి పోడే కారణమని కొందరు అంటారు. జీడి తీసేస్తే ఏం తిని బతకాలని గూడెంవారు అడుగుతారు. వారి రాబడి తగ్గకుండా కొండను కాపాడే దారి తెలిసినవారు చెప్పగలరా?

జవాబు: కురుపాం మెట్టరైతు

తప్పంతా జీడిదే అనడం సరికాదు. పోర్చుగీసువారు 16వ శతాబ్దంలో బ్రెజిల్ నుంచి తెచ్చిన ఈ చెట్టును మన దేశంలో నేలకోతను ఆపడానికి కూడా నాటారు. చిక్కంతా తోట అడుగున ఉంది. రాలిన పిక్క కనబడాలని కోతకు ముందు తుప్పలన్నీ నరికి, ఆకు ఊడ్చి, కొన్నిచోట్ల తగలబెడతారు. జూన్‌లో తొలకరి పడగానే ఆ బోసినేల మీది ఎర్రమట్టి గెడ్డలోకి దిగుతుంది, నీరు ఇంకదు. కొమ్మలు పరుచుకున్న మేరకే శుభ్రం చేసి, ఊడ్చిన ఆకును వాలుకు అడ్డంగా వరుసలు పేర్చి, పైన రాళ్ళు పెడితే మట్టి చాలావరకు అక్కడే ఆగుతుంది. చెట్ల నడుమ పసుపు, అనాస వేసుకోవచ్చు. గట్ల వెంట కొండచీపురు పెంచితే మంచిదే కాని, దాన్ని కొడవలితో కోయాలి. పీకితే దుబ్బు వేళ్ళతో సహా లేచి వచ్చి, మరుసటి ఏటి పంటా పోతుంది, అక్కడి మట్టీ పోతుంది.

జవాబు: గ్రామసభ మిత్రుడు

పంట సంగతి సరే, కొండ మీద నిర్ణయం ఎవరిదో ముందు తేలాలి. 2006 అటవీ హక్కుల చట్టం కింద, 2005 డిసెంబరు 13 నాటికి సాగులో ఉన్న భూమికి 4 హెక్టార్లకు మించకుండా పట్టా వస్తుందని అందరికీ తెలుసు. చాలా గూడేలు అక్కడితో ఆగిపోతాయి. అదే చట్టం కింద గ్రామసభ ఫారం-సి ద్వారా సామూహిక అటవీ వనరుల హక్కు కోరవచ్చు. అది వస్తే ఊట పైభాగంలో మేత, నరుకుడు ఎంతవరకో గ్రామసభే నిర్ణయించుకుంటుంది. మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లాలోని మెండా-లేఖా అనే ఊరు ఈ హక్కును 2009లో పొంది, 2011లో తన వెదురును తానే అమ్ముకోవడం మొదలుపెట్టింది. అటవీశాఖ ఊరివారితో కలిపి ఏర్పాటుచేసిన మన వన సంరక్షణ సమితుల్లో పని గూడెంవారిది, చివరి మాట అటవీశాఖది. అవి చాలాచోట్ల నీరుగారిపోవడానికి నాకు కనిపించే కారణం అదే.

జవాబు: సంత లెక్కలు

అప్పు మాటను ఎవరూ ఎత్తలేదు. షెడ్యూల్డ్ ప్రాంతంలో 1/70 చట్టం (1970 నాటి భూబదలాయింపు నియంత్రణ చట్టం) వల్ల గిరిజనుల భూమి గిరిజనేతరుల పేరుకు మారదు గాని, పంట మాత్రం పూతదశలోనే షావుకారికి తాకట్టు పడుతుంది. తాకట్టులో ఉన్న చెట్టు కింద రాళ్ళు పేర్చే ఓపిక ఎవరికుంటుంది? 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ డిపోలో ధర మెరుగ్గా ఉన్న ఏడాది కూడా, ముందే బాకీపడిన కుటుంబం చింతపండును అక్కడికి తీసుకువెళ్ళలేకపోతుంది. మహిళా సంఘం నుంచి పూతకాలానికి ముందే చేబదులు అందేలా చూడండి.

ప్రశ్నించినవారు

అందరికీ ధన్యవాదాలు. ఊట పైన తోటలున్న కుటుంబాలతో ఆకు తగలబెట్టడం గురించి ముందుగా మాట్లాడతాను. ఫారం-సి విషయంలో ఒక సందేహం: పక్క గూడెంతో ఎల్ల తగాదా ఉంటే దరఖాస్తు ఆగిపోతుందా?

గ్రామసభ మిత్రుడు

ఆగనక్కరలేదు. రెండు గ్రామసభల అటవీ హక్కుల కమిటీలూ కలిసి కూర్చుని, ఎవరు ఎంతవరకు వాడుకుంటున్నారో చూసి, తేల్చింది రాతపూర్వకంగా తమ గ్రామసభలకు ఇవ్వాలి. అప్పటికీ తెగకపోతే సబ్‌డివిజన్ స్థాయి కమిటీకి పంపుతారు. ఎల్ల చూడటానికి వెళ్ళేటప్పుడు రెండు గూడేల పెద్దలనూ, పశువులు కాసేవారినీ వెంట తీసుకువెళ్ళండి.