శనివారం కార్యక్రమం: రాత్రి బయట ఉండే వ్యాన్ సంగతి

సామాను బృందం:
అందరికీ నమస్కారం. స్పీకర్లు, స్టేజి సామాను, పిల్లల డాన్సు డ్రెస్సులు శుక్రవారం సాయంత్రమే వ్యాన్‌లో ఎక్కిస్తున్నాం. హాలు తాళాలు శనివారం పొద్దున 7 గంటలకు గానీ ఇవ్వరు కాబట్టి వ్యాన్ రాత్రంతా మా ఇంటి ముందు ఆరుబయటే. మంచు పడుతుందంటున్నారు. కిందటిసారి ముందు అద్దం మీద గడ్డకట్టిన మంచు గీకడానికే ముప్పావుగంట పట్టి, సౌండ్ చెక్ లేకుండానే మొదలుపెట్టాం. ఈసారి పాత బెడ్‌షీట్లు కప్పేద్దామా?

పార్కింగ్ బృందం:
అన్నా, బెడ్‌షీట్ మాత్రం వద్దు. నేను ఒకసారి ఆ పని చేసి అనుభవించాను. మంచు కాస్త కరిగి గుడ్డ తడిసింది, తెల్లారేసరికి అద్దానికి అతుక్కుని రేకులా బిగుసుకుపోయింది. నీళ్లు పీల్చనిది కావాలి. టార్పాలిన్ ముక్క ఉంటే చాలు. అద్దం వెడల్పు కొలిచి, రెండు వైపులా ఓ 40 సెంటీమీటర్లు ఎక్కువ ఉండేలా కత్తిరించండి. ఆ చివర్లు ముందు తలుపుల లోపలికి పెట్టి తలుపులు వేసేస్తే గాలికి ఎగరదు. అంచు మడతలు పెట్టి లావుగా చేయకండి, తలుపు రబ్బరు సరిగా మూసుకోక నీళ్లు లోపలికి కారతాయి. వైపర్లు కూడా పట్టా కిందికే వచ్చేలా చూడండి.

డెకరేషన్ బృందం:
బండి మొత్తం కప్పేస్తే పోదా? మా ఇంట్లో పెద్ద పట్టా ఉంది. మూలలకి మాగ్నెట్లు పెడదాం.

పార్కింగ్ బృందం:
అక్కా, అంత పెద్ద పట్టా గాలికి తెరచాపే. రాత్రంతా కొట్టుకుంటూ కింద ఉన్న ఇసుకతో పెయింట్‌ని రుద్దేస్తుంది. పొద్దున దాని మీది మంచు బరువుతో లాగడం ఇద్దరి వల్ల కూడా కాదు. మాగ్నెట్ ఉక్కు బాడీకే అంటుకుంటుంది, అల్యూమినియం అయితే జారిపోతుంది. మనకి అద్దం, సైడ్ మిర్రర్లు చాలు. మిర్రర్లకి ప్లాస్టిక్ సంచి తొడిగి రబ్బరు బ్యాండు వేయండి.

అసలు కిటుకు ఇంకోటుంది. సామాను ఎక్కించి తెచ్చాక హీటర్ వేడికి అద్దం వెచ్చగా ఉంటుంది. వెంటనే కప్పితే అడుగున తేమ చేరి అదే ఐసవుతుంది. కాసేపు తలుపులు తెరిచి ఉంచి, అద్దం చల్లబడ్డాక పొడి గుడ్డతో తుడిచి అప్పుడు కప్పండి. నేను రెండేళ్లు దీనికే తిప్పలుపడ్డాను.

సామాను బృందం:
మరి ఐసు వాన, అదే పడగానే గడ్డకట్టే వాన, పడితే?

పార్కింగ్ బృందం:
అప్పుడు పట్టా కూడా బిగుసుకుంటుంది, కానీ మెల్లగా వంచితే పైనున్న ఐసు పగిలి ఊడుతుంది. వేడినీళ్లు మాత్రం పోయకండి, అద్దం పగులుతుంది. ఇంకోటి, ఇంజిన్ ఆన్ చేసే ముందు వెనక సైలెన్సర్ గొట్టం చుట్టూ మంచు తీసేయాలి. అది మూసుకుపోతే కార్బన్ మోనాక్సైడ్ బండి లోపలికి వస్తుంది. వాసన ఉండదు, తెలియదు కూడా. హీటర్ వేసుకుని లోపల కూర్చుని ఎదురుచూసేది మనవాళ్లే కదా, అందుకే చెబుతున్నా. కదిలే ముందు టాపు మీది మంచు కూడా తోసేయండి, బ్రేకు కొడితే మొత్తం అద్దం మీదికి జారుతుంది.

సామాను బృందం:
సరే, కత్తెర, టార్పాలిన్ నా దగ్గర ఉన్నాయి. పొడుగు చీపురు, పార ఎవరైనా తెస్తారా? పొద్దున 6 గంటలకల్లా మా ఇంటికి ఇద్దరు కావాలి.

డెకరేషన్ బృందం:
నేను, మా తమ్ముడు వస్తాం. పార మా కారులోనే ఉంది.